ముట్టడి తొలగిన దినమున

పాఠ్యభాగము: యిర్మీయా 34:6–22, 35:1–19
తోడుగా చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 15:12–18; యిర్మీయా 7:1–15; 37:5–11; 39:1–10

యూదా రాజ్యపు చివరి దినములను గూర్చి యిర్మీయా గ్రంథములో వ్రాయబడిన సంగతులలో కుమ్మరివాని ఇంటిని, అంజూరపు పండ్ల రెండు గంపలను, క్రొత్త నిబంధన వాగ్దానమును ఎరుగని క్రైస్తవుడు అరుదు. ముప్పది నాలుగవ అధ్యాయములోని దాసుల విడుదల వృత్తాంతము మాత్రము ప్రసంగ వేదికకు తరచుగా ఎక్కదు. నాలుగు వచనములలో చెప్పి ముగింపబడిన సంగతి యగుటయే ఇందుకు కారణమై యుండవచ్చును. అయినను భక్తిక్రియకును విధేయతకును నడుమనున్న దూరమును కొలుచుటకు లేఖనములలో ఇంతకంటె నమ్మకమైన కొలకఱ్ఱ దొరకుట కష్టము.

సిద్కియా ఏలుబడి తొమ్మిదవ యేట పదియవ నెలలో బబులోను రాజు యెరూషలేమును ముట్టడివేసెను. ఇది క్రీ.పూ. 588 ప్రాంతపు సంగతి. యూదా దేశమందలి ప్రాకారములుగల పట్టణములు ఒకదాని వెంట ఒకటి పడిపోగా, యెరూషలేము గాక లాకీషు, అజేకా అను రెండే మిగిలెనని 34:7 తెలుపుచున్నది. ఈ వచనమునకు భూగర్భమునుండి ఒక సాక్షి లేచెను. 1935లో లాకీషు శిథిలములను త్రవ్వించుచుండిన జేమ్స్ లెస్లీ స్టార్కీ బృందమునకు పట్టణద్వారమునొద్ద కాలిపోయిన ఒక గదిలో సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరకెను. అవి వెలుపలి కావలిస్థలమునుండి ఒక అధికారి తన పై అధికారికి వ్రాసుకొనిన ఉత్తరములు. తాము లాకీషు అగ్నిసంకేతములకొరకు కనిపెట్టుచున్నామనియు, అజేకా తమకు కనబడుట లేదనియు నాలుగవ ఉత్తరములో అతడు తెలిపెను. అజేకా అప్పటికే పడిపోయెనని పండితులలో అనేకులు దీనిని అర్థము చేసికొనిరి. ఆ పెంకుముక్క మీది నాలుగు మాటలు చాలును, యెరూషలేము పెద్దల గుండెలలో ఆనాడు ఎంత భయముండెనో తెలిసికొనుటకు.

ఆ భయములో సిద్కియా రాజు ఒక మంచి పని చేసెను. యెరూషలేములోని ప్రజలందరితో నిబంధన చేసి, హెబ్రీయులైన దాసదాసీలను విడిపింపవలెనని చాటించెను. ఇది రాజు తన దయచేత కల్పించిన మేలు కాదు. ధర్మశాస్త్రమునకు తీర్పవలసిన పాత అప్పు. బీదతనముచేత అమ్ముడుపోయిన హెబ్రీయుడు ఆరు సంవత్సరములు సేవ చేసిన పిమ్మట ఏడవ యేట వెల లేకుండ విడువబడవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించెను. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము ఇంకను ముందుకు పోయి, అట్టివానిని వట్టిచేతులతో పంపకూడదనియు, యజమానుడు తన మందలోనుండియు కళ్లములోనుండియు ద్రాక్షగానుగలోనుండియు వానికి ధారాళముగా ఇయ్యవలెననియు చెప్పెను. పితరులు ఈ ఆజ్ఞను చెవిని పెట్టలేదని 34:14లో దేవుడే సాక్ష్యమిచ్చుచున్నాడు.

మందిరములో జరిగిన ఆచరణ సామాన్యమైనది కాదు. ఒక దూడను రెండుగా కోసి, ఆ ఖండముల నడుమ అధిపతులు, రాజపరివారమువారు, యాజకులు, దేశజనులు నడిచిరి. మాట తప్పినయెడల ఈ దూడకు పట్టిన గతి తమకును పట్టవలెనని ఒప్పుకొనుటయే ఆ నడకలోని భావము. అబ్రాహాము ఖండించిన పశువుల నడుమ రాత్రివేళ పొగయు అగ్నిజ్వాలయు నడిచిపోయినట్లు ఆదికాండము 15వ అధ్యాయములో కలదు. అక్కడ నడిచినవాడు మాట నిలుపుకొనెను. ఇక్కడ నడిచినవారు సహితము మొదట నిలుపుకొనిరి. దాసులు నిజముగానే విడువబడిరి. విని లోబడుట అను అర్థముగల హెబ్రీ క్రియ 34:10లో రెండు మారులు వాడబడినది. అనగా వారి విధేయతకు లేఖనమే ముద్ర వేసినది.

చదువరి ఇచ్చట తొందరపడకూడదు. ముట్టడిలో ధాన్యము కరవై దాసులను పోషించుట భారమయ్యెననియు, ప్రాకారముమీద నిలిచి పోరాడుటకు స్వతంత్రులైన మనుష్యులు కావలసి వచ్చెననియు వ్యాఖ్యాతలు కొందరు తలంచిరి. అది నిజమైనను కావచ్చును, గాని లేఖనము ఆ మాట ఎత్తలేదు. వారు తన దృష్టికి యుక్తమైనది చేసిరని 34:15లో దేవుడు ఒప్పుకొనుటయే లేఖనమందున్న సంగతి. భయములో చేసిన మేలు సహితము ఆయన లెక్కలోనికి వచ్చెను. దూడను ఎందుకు కోసితిరని ఆయన అడుగలేదు. పైకి కనబడు భక్తి యంతయు వేషమేయని తీర్పు తీర్చు అలవాటు కొందరు బోధకులకు కలదు. ఈ అధ్యాయము వారికి సహాయపడదు.

పిమ్మట ఐగుప్తునుండి ఫరో సైన్యము బయలుదేరెను. ఆ వార్త విని కల్దీయులు ముట్టడి విడిచి వెళ్లిరి (37:5). పట్టణద్వారములు తెరువబడెను. జనులు ఊపిరి పీల్చుకొనిరి. యిర్మీయా సహితము బెన్యామీను దేశమునకు పోవలెనని బయలుదేరి ద్వారమునొద్ద పట్టుబడినది ఈ విరామకాలములోనే. శత్రువు వెనుకకు పోయిన ఆ దినములలోనే యజమానులు తాము విడిచిన దాసులను మరల పట్టుకొనిరని 34:21, 22 వచనములవలన తెలియుచున్నది. విడుదల మందిరములో జరిగెను; దాస్యము ఇండ్లలో తిరిగి మొదలయ్యెను. రెండవ దానికి సభ కూడవలసిన పని లేదు, దూడను కోయవలసిన పని లేదు, ఎవరును దానిని చాటించియుండరు.

విడువబడినవారు తమ ఇష్టప్రకారము పోయియుండిరని 34:16లో ఒక చిన్న మాట కలదు. ఏండ్ల తరబడి పరుల తిరగలి విసరిన ఒక దాసి ఆ కొద్ది దినములు తనకు తోచినప్పుడు లేచి, తన పిల్లలకు తానే వండిపెట్టి, తన గడపలో తాను కూర్చుండియుండును. ఆ రుచి చూచిన తరువాత ఒక ఉదయమున పాత యజమానుని మనుష్యుడు వాకిట నిలిచియుండుట ఆమె చూచెను. విడుదల ఎన్నడును ఎరుగకపోయినయెడల ఆమె దుఃఖము ఇంతకంటె తక్కువగా నుండెడిది. యజమానులకు సమాధానములు లేకపోలేదు: పొలములు పాడుపడియున్నవి, పనివారు కావలెను, ప్రక్కయింటివాడు తన దాసుని తెచ్చుకొనెను, వీరికి తిండి పెట్టువారు మాత్రము ఎవరున్నారు? ఇట్టి సమాధానములు ఏ కాలమునందైనను సులభముగానే దొరకును.

దేవుడు పలికిన తీర్పు ఒక్క మాటచుట్టు తిరుగుచున్నది. హెబ్రీ భాషలో ‘షూబ్’ అను క్రియకు తిరుగుట, మరల వచ్చుట, మనస్సు త్రిప్పుకొనుట అను అర్థములు కలవు. ప్రవక్తలు మారుమనస్సునకు వాడినది ఈ మాటయే. మీరు తిరిగి యుక్తమైనది చేసితిరని 15వ వచనము. మీరు తిరిగి నా నామమును అపవిత్రపరచితిరని 16వ వచనము. దాసులను మరల త్రిప్పి తెచ్చుకొంటిరని అదే వచనము. నేను కల్దీయులను ఈ పట్టణమునకు త్రిప్పి రప్పించెదనని 22వ వచనము. అన్నిటను అదే క్రియ. తిరిగినవాడు తిరిగి తిరిగెను గనుక శత్రువును తిరిగి వచ్చును. విడుదలకు వాడిన ‘దెరోర్’ అను మాటయు అట్టిదే. యాభైయవ సంవత్సరమున దేశమంతట చాటింపవలసిన స్వాతంత్ర్యమునకు లేవీయకాండము 25వ అధ్యాయములోను, బందీలకు ప్రకటింపబడు విడుదలకు యెషయా 61వ అధ్యాయములోను ఈ మాటయే కలదు. నజరేతు సమాజమందిరములో ప్రభువు ఆ యెషయా భాగమునే చదివెను. యెరూషలేము పెద్దలు ఈ విడుదలను దాసులకు ఇయ్యనందున, ఖడ్గమునకును తెగులునకును కరవునకును వారిమీద విడుదల చాటించెదనని 17వ వచనములో దేవుడు చెప్పెను. ప్రవక్త నోట ఇంత చేదైన మాట తక్కువగా వినబడును.

వారు పొరుగువానికి చేసిన అన్యాయమును తన నామమునకు కలిగిన అపవిత్రతగా ఆయన ఏల ఎంచెను? నిబంధన జరిగిన స్థలము తన పేరు పెట్టబడిన మందిరమని 15వ వచనము చెప్పుచున్నది. ఆ మాట విన్న వృద్ధులకు ఇరువది సంవత్సరముల క్రిందటి ప్రసంగమొకటి జ్ఞాపకము వచ్చియుండవలెను. యెహోయాకీము ఏలుబడి ఆరంభమున యిర్మీయా అదే మందిరపు ద్వారమున నిలిచి, ఇది యెహోవా ఆలయమని ముమ్మారు వల్లించుచు దొంగిలించి, చంపి, అబద్ధ ప్రమాణముచేసి వచ్చి ఇచ్చట నిలుచువారిని గద్దించెను. షిలోహుకు పోయి చూడుడనెను. ఒకప్పుడు మందసముండిన ఆ స్థలము పాడుపడియుండెను. ఆ దినమున యాజకులును ప్రవక్తలును అతనిని చంపవలెననిరి. మందిరము పేరు నోటనుండుట రక్షణయని నమ్మిన జనులకు అంతకంటె కోపము పుట్టించు మాట లేదు. అదే మందిరములో ఇరువది యేండ్ల తరువాత చేసిన ప్రమాణము కొద్ది దినములైనను నిలువలేదు.

ఈ వృత్తాంతమును అనుసరించి గ్రంథములో రేకాబీయుల అధ్యాయము వచ్చుచున్నది. కాలక్రమమున అది ముందుది, యెహోయాకీము దినములలో జరిగినది. ఏండ్ల వరుసను విడిచి ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచుట ఉద్దేశపూర్వకమైనదేయని తోచుచున్నది. రేకాబీయుల పితరుడైన యోనాదాబు యెహూ రాజు కాలమువాడు (2 రాజులు 10). ద్రాక్షారసము త్రాగవద్దనియు, ఇండ్లు కట్టక, విత్తక, గుడారములలోనే నివసింపుడనియు తన సంతతివారికి ఆజ్ఞాపించెను. సుమారు 240 సంవత్సరములు గడచెను. కల్దీయుల సైన్యమునకు భయపడి వారు గుడారములు విడిచి యెరూషలేములో చేరిరి. ఒక దినమున దేవుని ఆజ్ఞచొప్పున యిర్మీయా వారిని మందిరపు గదులలో ఒకదానిలోనికి తీసికొనిపోయి, నిండు పాత్రలు వారి ముందర నుంచి, ద్రాక్షారసము త్రాగుడనెను.

తప్పించుకొనుటకు వారికి ఎన్ని దారులుండెనో గమనింపదగును. పిలిచినవాడు ప్రవక్త, స్థలము దేవుని ఇల్లు, త్రాగుటను ధర్మశాస్త్రము నిషేధింపలేదు, ఆజ్ఞ ఇచ్చిన పితరుడు చనిపోయి రెండు వందల యేండ్లు దాటెను, గుడారముల విషయమున ఇదివరకే సడలింపు జరిగెను, మరి ద్రాక్షారసమునకు మాత్రము పట్టుదల ఏల? వారు ఈ దారులలో దేనిని తొక్కలేదు. పట్టణములోనికి వచ్చుట ప్రాణభయమువలన జరిగెనని దాచక చెప్పిరి. త్రాగుటకు అట్టి అవసరమేదియు లేదు గనుక త్రాగమనిరి. అది పరీక్షయని వారెరుగరు, బహుమానమున్నదనియు ఎరుగరు. అందరును గుడారములలో నుండవలెనని గాని, యోనాదాబు నియమములు ధర్మశాస్త్రముతో సమానమని గాని దేవుడు చెప్పలేదు. మనుష్యుడైన పితరుని మాటను వీరు నిలుపుకొనుచుండగా, పెందలకడ లేచి పలికిన తన మాటను యూదావారు వినలేదని మాత్రమే ఆయన చూపెను. దేశమంతయు మునిగిపోవుచుండగా ఈ గుడారవాసులకు తన సన్నిధిని నిలుచుటకు ఒకడు ఎన్నడును లేకపోడని వాగ్దానము చేసెను.

శ్రేష్ఠమైన గొఱ్ఱెలను బలికొరకే మిగిల్చితినని చెప్పిన సౌలు సంగతి (1 సమూయేలు 15) ఆదివారపు బడి పిల్లలకును తెలిసినదే గనుక ఇచ్చట విస్తరింప పని లేదు. తెలుగు సంఘచరిత్రలోనే ఈ పాఠమునకు దగ్గరగా నున్న ఒక సంఘటన కలదు.

1876లో మొదలైన ధాత కరవు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించెను. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. వేలాది మంది ఆ పనికి వచ్చిరి. బోధకులే మేస్త్రీలుగా నిలిచిరి. సాయంకాలములయందు సువార్త వినబడెను. బాప్తిస్మము అడిగినవారు అనేకులు. అయితే కరవుకాలమంతయు ఆయన వారికి బాప్తిస్మమియ్యలేదు. కూలికొరకు, గింజలకొరకు వచ్చినవాడెవడో, ప్రభువుకొరకు వచ్చినవాడెవడో ఆ దినములలో తేల్చుట సాధ్యము కాదని ఆయన ఎంచెను. కరవు తగ్గి, పని ముగిసి, సహాయధనము చెల్లిపోయిన తరువాతను జనులు వచ్చిరి. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పి ఇండ్లకు పొమ్మనినను పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి యొద్ద ఆరుగురు దేశీయ బోధకులు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ సంఖ్య సంఘచరిత్రలలో గొప్పగా చెప్పబడుచున్నది. దాని ముందరి పదునైదు నెలల నిరీక్షణ అంతగా చెప్పబడదు. విలువనుబట్టి చూచినయెడల అదియే గొప్ప సంగతి. యెరూషలేమువారు ఆపదలో ప్రమాణము చేసి ఆపద తొలగగానే తప్పిరి. వీరి ప్రమాణము ఆపదలో స్వీకరింపబడలేదు. ఆపద తొలగిన తరువాతను వారి నోట అదియే మాట నిలిచెను. వారిలో అధికసంఖ్యాకులు తరతరములు పరుల పొలములలో ఇంచుమించు దాస్యము చేసినవారని కూడ మరువరాదు.

ఆ పితరుల మనుమలు, మునిమనుమలు నేడు పట్టణములలోను విదేశములలోను ఉద్యోగస్థులు, భూస్వాములు, సంఘపెద్దలు. వారిలో కొందరి ఇండ్లలో పనిపిల్ల యుండును. కొందరి పొలములలో కౌలురైతు ఉండును. వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము భారతదేశములో 1976లో వచ్చెను. కోస్తాలో పాలేరు, తెలంగాణములో జీతగాడు అని పిలువబడినవాడు అప్పు పేరట తండ్రి తరువాత కుమారుడుగా కట్టుబడియుండుటను ఆ చట్టము నేరముగా చేసెను. అది చట్టముకాకముందే ధర్మశాస్త్రము చదివిన ఇండ్లలో అది ఆచారముగా నుండవలసినది గదా!

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మోకాళ్లూని చేసిన తీర్మానములు, రోగశయ్యమీద చేసిన మ్రొక్కుబళ్లు, ప్రభువు బల్లకు ముందు తమ్మునితో చేసికొనిన సమాధానము, ఇవన్నియు ఆ దూడ ఖండముల నడుమ నడచిన నడకలే. వాటిలో కపటమున్నదని అనుటకు ఆధారము లేదు. ఆ రాత్రి కార్చిన కన్నీరు నిజమైనదే. జ్వరము దిగిపోవును. న్యాయస్థానములో వాయిదా దినము వచ్చును. తమ్ముని గట్టుమీద తగవు మరల లేచును. పనిపిల్లను వచ్చు యేట బడికి పంపెదమనిన మాట ఇంటిపని పెరిగినందున వాయిదా పడును. వీటికి సాక్షులుండరు, మందిరములో లేచి నిలిచి తన ప్రమాణమును రద్దుచేసికొనువాడు లేడు. వచ్చు ఆదివారమున అతడు అదే బల్లమీద కూర్చుండి అదే కీర్తన పాడును. సంఘమునకు ఏ మార్పును కనబడదు. మార్పు కనబడునది ఆ తమ్మునికి, ఆ పనిపిల్లకు.

యెరూషలేము యజమానుల సంగతి ఏమైనదో ముప్పది తొమ్మిదవ అధ్యాయములో నున్నది. ఫరో సైన్యము తన దేశమునకు మరలిపోయెను. కల్దీయులు చెప్పబడినట్లే తిరిగి వచ్చిరి. సిద్కియా పదునొకండవ యేట నాలుగవ నెల తొమ్మిదవ దినమున, క్రీ.పూ. 587లో గాని 586లో గాని, ప్రాకారము పగిలెను. మందిరము కాల్చబడెను. యూదా ప్రధానులు రిబ్లాలో చంపబడిరి. మిగిలినవారు సంకెళ్లతో బబులోనునకు నడిచిరి. రాజదేహసంరక్షకుల అధిపతియైన నెబూజరదాను దేశములో ఒక జనమును మాత్రము విడిచిపెట్టెను: తమకంటూ ఏమియు లేని దరిద్రులను. యజమానులు లేరు, అప్పుపత్రములు లేవు, తీసికొనిపోవుటకు వచ్చువారెవరును లేరు. మందలోనుండి, కళ్లములోనుండి, గానుగలోనుండి కొంత ఇచ్చి పంపుడని ద్వితీయోపదేశకాండము ఆ యజమానులను అడిగియుండెను. ఆ దినమున అన్యుడైన ఆ సేనాధిపతి వారికి ద్రాక్షతోటలను, పొలములను ఇచ్చెను.